బూట్లతో మొదలైన అధికారి

కెర్మాన్
ఇరానీ సంవత్సరం 1341, మెహర్ నెల 9

అక్కయ్యకి,

నీ నీడ మా నెత్తిన ఎప్పుడూ చల్లగా ఉండాలని కోరుకుంటూ తమ్ముడు నుస్రతుల్లా సలాములు. నీ మరదలు ఫరంగీస్ కూడా సలాములు చెప్పమనేది, కానీ తలనొప్పితో పక్కగదిలో పడుకుంది.

నీ ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. మొదటిది చిన్నత్త మోకాళ్ళ నొప్పి. వేడి ఇసుక మూటతో కాపడం పెట్టించు. రెండోది నేను చదవలేదనే అనుకుంటున్నాను. ధాన్యం గిడ్డంగుల కచేరీలో గుమాస్తాగా గౌరవంగా బతుకుతున్నవాడి అక్క, భర్త పోయిన ఇన్నేళ్ళకి, నూలుని రంగుల్లో ముంచే యదుల్లాని చేసుకుంటుందా? ఆ మనిషికి మోచేతుల దాకా నీలిమందు. రేపు కచేరీలో ఎవరైనా “మీ బావగారేం చేస్తుంటారు” అంటే నేనేం చెప్పాలి? కాదని నీ ఇష్టం వచ్చినట్టు చేశావా, నాన్నగారి ఇంట్లో నీకంటే నా వాటా పెద్దదని మరిచిపోకు. దాన్ని కొనడానికి రావర్‌లో మనుషులున్నారు. ఆ మగ్గం గోడలోకి దిగేసి ఉంది. ఎక్కడికి మోసుకుపోతావు?

సరే, కోపం పక్కన పెడదాం. ఒక మంచి పని ఉంది. మా అధికారి హెష్మతీ గారు నిలువెత్తు మనిషి. ఆయన బొమ్మతో ఒక గోడ తివాచీ నేయించి కానుకగా ఇస్తే, టెహరాన్ బదిలీల జాబితాలో నా పేరు పైకి వస్తుంది. రావర్‌లో రాజుల బొమ్మలు నేసిన చేతులున్నాయి. అందులో నీ చెయ్యి మొదటిదని నేను ఎప్పుడూ ఒప్పుకుంటాను. ఫొటో జతచేశాను. జాగ్రత్త, నలగనివ్వకు.

నీ తమ్ముడు
నుస్రతుల్లా


రావర్
మెహర్ నెల 21

తమ్ముడికి,

సలాములు అందాయి. రావర్ పేరు ఎత్తినప్పుడల్లా ఫరంగీస్‌కి తలనొప్పి వస్తుందని నేను ఎప్పుడో గమనించాను. గులాబీ నీళ్ళలో గుడ్డ తడిపి నుదుటి మీద వెయ్యి. తగ్గకపోతే నాకు ఉత్తరాలు రాయడం మానెయ్యి, దానికదే తగ్గుతుంది.

నీ అధికారిని మగ్గం పక్కన గోడకి గుచ్చాను. చిన్నత్త కౌకబ్ కళ్ళు చికిలించి చూసింది.

“ఎవరే ఇతను, పెళ్ళికొడుకా?”

“కాదత్తా. నుస్రత్ పై అధికారి. ఇతన్ని నేయాలట.”

“మనింట్లో ఎప్పుడన్నా అన్నం తిన్నాడా?”

“లేదు. నుస్రత్ పైకి రావడానికి.”

“పైకి రావాలంటే నిచ్చెన వేసుకోమను. నా మోకాళ్ళ మీద ఎక్కడమెందుకు” అంది.

అయినా నేస్తాను. ఆవిడా నా పక్కన కూర్చుంటుంది, తిడుతూనే. కానీ ఊరికే కాదు. ఈ మనిషి తల పూర్తయి తివాచీ మగ్గం నుంచి దిగిననాడు నువ్వు నా పెళ్ళికి ఒప్పుకున్నట్టు. ఇల్లు అమ్ముతానన్న మాట మళ్ళీ ఎత్తకూడదు. ఒప్పుకుంటే ఒక్క ముక్క రాయి. ఒప్పుకోకపోతే ఫొటో తిరిగి పంపుతాను, ఇతన్ని చూస్తుంటే మా పిల్లి జడుసుకుంటోంది.

అక్క
తూబా


కెర్మాన్
ఆబాన్ నెల 6

అక్కయ్యకి,

సరే. తివాచీ పూర్తయిన రోజున నాకు అభ్యంతరం ఉండదు. ఎలాగూ ఏడాది పని. మనుషుల మనసులు మారడానికి ఏడాది చాలా ఎక్కువ.

కొన్ని సూచనలు. ముందు ముఖం నెయ్యి. ముఖం బాగా వస్తే మిగతావి తీరిగ్గా చూసుకోవచ్చు. బూట్లు తళతళలాడాలి, హెష్మతీ గారికి బూట్లంటే ప్రాణం. గడ్డం కింద ఉన్న రెండో గడ్డం నేయొద్దు. పొట్ట కూడా నీ విచక్షణకే వదిలేస్తున్నాను.

ఇంకో మాట. ఆ యదుల్లా లారీలో మా ఇంటికి దానిమ్మకాయల బుట్ట పంపాడు. కాయలు తియ్యగానే ఉన్నాయి. కానీ బుట్ట మీద అతని వేలిముద్ర నీలంగా అంటుకుని ఉంది. పక్కింటివాళ్ళు చూశారు. ఇలాంటివి పంపొద్దని చెప్పు. పంపక తప్పదంటే వేరేవాళ్ళ చేత సర్దించమను.

నుస్రతుల్లా


రావర్
ఆజర్ నెల 2

తమ్ముడూ,

నువ్వు పుట్టింది ఈ మగ్గం పక్కనే. అమ్మ నీకు పాలిస్తూ కూడా ముడులు వేసింది. అయినా ముఖం ముందు నేయమంటున్నావు. తివాచీ కింద నుంచి పైకి లేస్తుంది నాయనా, గోధుమ మొక్కలాగా. తల ముందు మొలిచేది మీ కచేరీల్లోనేమో.

అందుకని నీ అధికారి బూట్లతో మొదలయ్యాడు. బూట్ల నలుపు కోసం యదుల్లా అక్రోటు తొక్క, తుప్పు నీళ్ళు కలిపి మరిగించాడు. “వట్టి నలుపు చచ్చినట్టుంటుంది, తూబా ఖానుమ్. మెరవాలంటే అడుగున నీలం ఉండాలి” అని ఆ నూలుని ముందు నీలిమందులో ముంచి తీశాడు. నువ్వు గడప తొక్కనివ్వనన్న ఆ నీలమే మీ హెష్మతీ గారి కాళ్ళకి మెరుపు. అతను దీనికి కూలి పుచ్చుకోలేదు. ఎవరి బొమ్మ అని కూడా అడగలేదు. చెప్పాను. “పెద్ద పాదాలే” అని ఊరుకున్నాడు.

దానిమ్మకాయల గురించి చెప్పాను. వచ్చేసారి చేతులకి సంచులు కట్టుకుని సర్దుతానన్నాడు. ఆ మనిషి నవ్వుతున్నాడో నిజంగానే అంటున్నాడో ఒక పట్టాన తెలియదు.

తూబా


కెర్మాన్
దే నెల 18

అక్కయ్యా,

కొంప మునిగింది. హెష్మతీ గారు పోయారు. నిన్న పొద్దున్నే. ఎవరూ అనుకోలేదు. కచేరీలో ఎవరూ పని ముట్టలేదు. ఫరంగీస్ రాత్రంతా ఏడుస్తూనే ఉంది. నా టెహరాన్ ఆశ ఆయనతోనే పోయింది. ఎక్కడిదాకా నేశావో అక్కడే పని ఆపు. మళ్ళీ రాస్తాను.

ను.


రావర్
దే నెల 27

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి మగ్గం మీద గుడ్డ కప్పాను. మనిషి ఎలాంటివాడైనా చావు చావే. చిన్నత్త అయితే ఏడ్చింది. “మోకాళ్ళ దాకా నా చేతుల్లో పెరిగాడే” అంది. మసీదులో ఆయన పేరున ఫాతిహా చదివించాం. యదుల్లా ఆ రోజు దుకాణం మూశాడు.

చావింటికి పంపే ఆచారం ప్రకారం కుంకుమపువ్వు వేసి హల్వా చేశాను. ఒక పళ్ళెం హల్వా, నల్ల చాదర్ బట్ట లారీ డ్రైవర్ చేతికిచ్చి నేరుగా ఆయన ఇంటికే పంపాను. నీకు పంపితే కచేరీ గొడవలో ఆలస్యమవుతుందని. ఆయన భార్యకి నాలుగు మాటలు రాశాను కూడా. నేనూ ఆ దారిన నడిచిందాన్నే కదా. “మొదటి ఏడాది ఇల్లు పెద్దదై కరవడానికొస్తుంది. తరవాత అలవాటవుతుంది. భర్త పోయాక కూడా బతుకుంటుంది తల్లీ. మంచి తోడు దొరికితే లోకానికి జడిసి సిగ్గుపడకు” అని.

నువ్వు ధైర్యంగా ఉండు. పోయినాయన పేరు చెప్పుకుని చలిలో తిరక్కు.

తూబా


కెర్మాన్
బహ్మన్ నెల 5

అక్కయ్యా,

నా పరువు తీశావు. హెష్మతీ గారు పోయారంటే బదిలీ మీద పోయారు. ఎడారి అవతలి జాహెదాన్‌కి.

నీ లారీవాడు వెళ్ళేసరికి ఆయన వసారాలో పెట్టెలు కట్టిస్తున్నారు. నేను సాయంగా తాళ్ళు పట్టుకుని ఉన్నాను. అమ్మగారు నీ ఉత్తరం విప్పి గట్టిగా చదివారు. “మంచి తోడు దొరికితే” అన్న చోట ఆగి, ఒకసారి ఆయన వైపు చూసి, ఆ వాక్యం మళ్ళీ చదివారు. నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయారు. ఆయన నా వైపు చూసిన చూపు నా శత్రువుకి కూడా వద్దు. “మీ అక్కయ్య నన్ను పాతేసిందటగా” అన్నారు. హల్వా మాత్రం పళ్ళెం ఖాళీ చేసి పంపారు.

ఇక అసలు సంగతి. కొత్త అధికారి ముస్తౌఫీ గారు వచ్చారు. సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడుతో ఉంటారు. పుస్తకాల మనిషి. తివాచీ వృథా కాకూడదు. బూట్లు, కాళ్ళు ఉన్నవి ఉండనీ. నడుము నుంచి ముస్తౌఫీ గారిని చెయ్యి. చేతిలో పుస్తకం పెట్టు. ఫొటో పంపుతున్నాను. నలుగురున్న ఫొటో. ఎడమ నుంచి రెండో ఆయన.

ఈసారి ఎవరికీ హల్వా పంపకు.

నుస్రతుల్లా


రావర్
ఫర్వర్దీన్ నెల 15

తమ్ముడూ,

కొత్త సంవత్సరం నీకు కలిసి రావాలి. నౌరూజ్‌కి వస్తావని ఆకుకూరలు వేసి అన్నం వండాను, చేపలు తెప్పించాను. పండుగ ముగిసే పదమూడో రోజు దాకా చూసి, మిగిలింది పిల్లికి పెట్టాను. అదైనా నీ పేరు చెప్పుకుని తిన్నది.

మా ఊళ్ళో పోయినవాళ్ళు మళ్ళీ రారు. మీ కచేరీలో పోయినవాళ్ళు ఇంకో ఊళ్ళో జీతం తీసుకుంటారని నాకెలా తెలుస్తుంది? అయినా ఆవిడ నవ్వింది కదా. ఎన్నాళ్ళయిందో పాపం నవ్వి.

ముస్తౌఫీ గారు నడుము దాటి గుండెల దాకా వచ్చారు. ఆ లావు కాళ్ళ మీద ఈ సన్న నడుము చూసి చిన్నత్త, “కుండ మీద గరిట నిలబెట్టినట్టున్నాడే” అంది. పుస్తకం పెట్టాను. ఎడమ నుంచి రెండో ఆయన అన్నావు, ఎవరి ఎడమో చెప్పలేదు. నా ఎడమే తీసుకున్నాను. ఆ మనిషి చేతిలో టీ గ్లాసుంది, పుస్తకం లేదు. ఏమైనా మెడ దాకా అందరూ ఒకటేలే.

ఇప్పుడు నా సంగతి. నువ్వు చదవలేదనుకునే సంగతి.

నేను మనువు లేక చచ్చిపోవడం లేదు నుస్రత్. మా ఆయన సఫ్దర్ పోయాక ఒక్కదాన్నే మగ్గం నడిపాను, కూతుర్ని యజ్ద్ ఊరికి ఇచ్చి పెళ్ళి చేశాను, నీ చదువు ఆఖరి ఏడాదికి తివాచీ అమ్మి డబ్బు పంపాను. ఒకరి అండ లేక అడగడం లేదు. యదుల్లా నూలు తెచ్చినప్పుడు అరుగు మీద కూర్చుంటాడు. ఎండు మల్బరీ పళ్ళు నంచుకుంటూ టీ తాగుతాడు. నేను మాట్లాడితే పని ఆపి వింటాడు. ఇన్నేళ్ళలో నేను చెప్పేది పూర్తయ్యేదాకా విన్న మగవాడు అతనొక్కడే. నాన్న వినలేదు, సఫ్దర్ వినలేదు, నువ్వు ఉత్తరమే చదవవు. పోయిన శీతకాలం నాకు జ్వరమొస్తే గడప దాటి లోపలికి రాకుండా, కిటికీ బయట నిలబడి చిన్నత్తకి మందులు అందించాడు. నీ పరువు కోసమే. నువ్వు పేరు పలకడానికి సిగ్గుపడే ఆ మనిషి మంచులో నిలబడి నీ పరువు కాపాడాడు.

ఇది చదివానని ఒక్క ముక్క రాయి.

తూబా


కెర్మాన్
తీర్ నెల 11

అక్కయ్యకి,

ఆలస్యానికి క్షమించు. ఇక్కడ చాలా జరిగాయి. ముస్తౌఫీ గారి పేరు ఇకమీదట ఉత్తరాల్లో రాయకు. గిడ్డంగిలో గోధుమలు తగ్గాయట, ఎలుకలు తిన్నాయని ఆయన రాసిచ్చారట. అన్ని ఎలుకలు కెర్మాన్‌లో లేవని టెహరాన్ వాళ్ళు తేల్చారు. ఆయన్ని తీసుకుపోయారు. తీసుకుపోయారంటే చనిపోలేదు. ముందే చెబుతున్నాను.

నేను ఆయన్ని ఎన్నడూ మెచ్చుకోలేదని నీకు తెలుసు. పుస్తకం తీసెయ్యి.

కొత్తగా బహాదురీ గారు వచ్చారు. సైన్యంలో చేసిన మనిషి, భుజాలు వెడల్పు, మీసం ఉంది. ఆయన ఫొటో అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే మొన్న ఒకడు అడిగితే “గూఢచారివా” అన్నారట. కానీ ఆబాన్‌లో ఆయన పుట్టినరోజు. కచేరీలో పెద్ద వేడుక. తివాచీ అప్పటికి చేరాలి. ముఖం నువ్వే ఊహించి నెయ్యి. పెద్దమనిషి ముఖం అంటే ఎలా ఉండాలి? చూడగానే నిజాయితీ తెలియాలి. కళ్ళల్లో దయ ఉండాలి. ఓర్పు ఉండాలి. ఎదుటివాడు చెప్పేది వినేవాడిలా ఉండాలి. అంతే, ఆయనే అనుకుంటారు.

ఆ రెండో సంగతి ప్రస్తుతానికి ఎత్తొద్దు. బహాదురీ గారు ఉద్యోగుల కుటుంబ గౌరవం కూడా చూస్తారని వినికిడి. ఇంకో ఏడాది ఆగితే నష్టమేముంది? ఇన్నాళ్ళు ఆగావు కదా.

నుస్రతుల్లా


రావర్
ఆబాన్ నెల 3

తమ్ముడికి,

తివాచీ నిన్న మగ్గం నుంచి దిగింది. గోనెలో పెట్టి కుట్టి లారీకి ఎక్కించాను. భుజాలు నువ్వు చెప్పినట్టే వెడల్పు చేశాను. పుస్తకం విప్పేసి ఆ చేతిని నడుం మీద పెట్టాను. ముఖం కూడా నువ్వు చెప్పినట్టే. నిజాయితీ, దయ, ఓర్పు, ఎదుటివాడి మాట వినే చూపు. నేను చూసిన ముఖాల్లో అవన్నీ ఉన్నది ఒక్కటే. దాన్నే ఎదురుగా కూర్చోబెట్టుకుని నేశాను.

తివాచీ దిగిననాడు నీకు అభ్యంతరం ఉండదని రాశావు. నిన్న దిగింది. నిన్నే ముల్లాగారు నికా చదివారు. చిన్నత్త కొడుకు సాక్షి. నువ్వు మాట మీద నిలబడే మనిషివని అందరికీ చెప్పాను. చిన్నత్త దగ్గింది, కానీ అది చలికి.

యదుల్లా ఇప్పుడు మనింట్లోనే ఉంటున్నాడు. ఇల్లు అమ్మాలంటే అమ్ముకో. కొనేవాడికి మగ్గమూ, మేమిద్దరమూ, చిన్నత్త మోకాళ్ళూ అన్నీ కలిపే వస్తాయి.

తూబా


కెర్మాన్
ఆబాన్ నెల 19

అక్కయ్యా,

నువ్వు నా అక్కవేనా అని అడగాలనుంది.

గోనె నేను ముందుగా విప్పలేదు. నమ్మాను. నీ ఉత్తరం కూడా వేడుక అయ్యాకే చేతికొచ్చింది. హాలు నిండా మనుషులు. బల్లల మీద ఖర్జూరం కూరిన కొలొంపే మిఠాయిలు, పళ్ళు. ఉప అధికారి సర్‌మదీ నా గురించి రెండు మంచి మాటలు చెప్పాడు, దానికి నేను ముందే కానుక ఇచ్చుకున్నాను. ఇద్దరు బంట్రోతులు తివాచీని పై అంచు పట్టుకుని వదిలారు. బూట్లు కిందికి జారాయి. పైన యదుల్లా.

అక్కయ్యా, ఒక్క వెంట్రుక కూడా తేడా లేదు. చిన్నప్పుడు గాడిద తన్ని వంకరపోయిన ఆ ముక్కుతో సహా. బహాదురీ గారి ముక్కు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఆయన ముఖం గుండ్రం, ఇది కోల. ఆయనకి కళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టుంటాయి, ఇవి చూస్తే నీ గోడు చెప్పుకోవాలనిపిస్తుంది. నా చొక్కా తడిసి వీపుకి అంటుకుంది. జాహెదాన్ ఎంత దూరమో లెక్క వేసుకుంటున్నాను.

ముందు సర్‌మదీ గొంతు సవరించుకున్నాడు. “అచ్చు గుద్దినట్టుంది” అన్నాడు. వెంటనే ఖజానా గుమాస్తా, “ముక్కు చూడండి, ముక్కు. అదే ముక్కు” అన్నాడు. ఇంకొకడు కళ్ళు తుడుచుకున్నాడు. ఒకడు అంటే ఇంకొకడు అనకుండా ఎలా ఉంటాడు? అందరూ అన్నారు. నేనూ అన్నాను.

బహాదురీ గారు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చూశారు. ఒకసారి తన ముక్కు తడుముకున్నారు. తరవాత, “ఈ చూపు” అన్నారు మెల్లగా. “నాలో ఈ దయ ఉందని మా అమ్మ ఒక్కతే అనేది. ఇన్నాళ్ళకి ఇంకొకరు పట్టుకున్నారు.” నా భుజం తట్టారు.

ఇప్పుడది ఆయన కుర్చీ వెనక గోడ మీద ఉంది. పొద్దున్నే కచేరీకి వెళ్ళగానే అందరం వంగి సలాం చేయాలి. ఆయన రాకపోయినా కుర్చీకి చేయాలి. అంటే ఎవరికి చేస్తున్నానో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆయన కూడా ఈమధ్య తల కొంచెం పక్కకి వంచి, ఎవరేం చెప్పినా వింటున్నట్టు కూర్చుంటున్నారు. వింటున్నారని కాదు.

పెళ్ళి సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ఆ మనిషి కెర్మాన్ పొలిమేరల్లో కనిపించకూడదు. కనిపిస్తే నా పని అయిపోయినట్టే. ఇంత బతిమాలడం నా జన్మలో ఇదే.

నుస్రతుల్లా


రావర్
ఆబాన్ నెల 28

తమ్ముడికి,

నీ ఉత్తరం యదుల్లాకి చదివి వినిపించాను. ముక్కు దగ్గర మాత్రం కాస్త నొచ్చుకున్నాడు. “అధికారిగారికి పాపం ఎందుకు ఈ ముక్కు” అన్నాడు. నువ్వు సలాం చేస్తున్నావన్న చోట, “వద్దని రాయి తూబా, చిన్నవాడు, నడుం నొప్పి పుడుతుంది” అన్నాడు.

నువ్వు వద్దన్న ఉత్తరం చేరేసరికి అతను బయలుదేరిపోయాడు. అంటే, చేరింది మధ్యాహ్నం, బయలుదేరింది సాయంత్రం. ఏటా ఈ రోజుల్లో నీలిమందు కొనడానికి కెర్మాన్ బజారుకి వస్తాడు. మీ కోసం వచ్చేది కాదు. కానీ పెళ్ళి మిఠాయి పంచకుండా ఉండడం మా ఆచారం కాదు. నీ వంతు అతని చేతికిచ్చాను. ఇంటికి పంపుదామంటే ఫరంగీస్‌కి తలనొప్పి వస్తుంది. అందుకని కచేరీకి వెళ్ళమన్నాను. ఉతికిన చొక్కా వేసి పంపాను. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి, అవి ఊడదీసి కడగలేను కదా.

తూబా


కెర్మాన్
ఆజర్ నెల 10

గౌరవనీయులైన బావగారికి, ప్రియమైన అక్కయ్యకి,

మీ ఇద్దరి నీడా మా ఇంటి మీద కలకాలం ఉండాలి. ఫరంగీస్ ప్రత్యేకంగా సలాములు చెప్పమంది. లేచే ఉంది.

బావగారు స్వయంగా చెప్పే ఉంటారు, అయినా నా మాటల్లో కూడా వినాలి. ఆయన గేటు దగ్గరికి రాగానే కావలివాడు తుపాకీ నిలబెట్టి సలాం కొట్టాడు. మెట్ల మీద గుమాస్తాలు గోడకి అంటుకుపోయి దారిచ్చారు. ఎవరో “అధికారిగారి అన్నగారు” అన్నారు. నేను నా బల్ల కింద పడ్డ పెన్ను కోసం చాలాసేపు వెతుకుతూ ఉండిపోయాను. బావగారు వరండాలో నిలబడి, “నుస్రతుల్లా గారెక్కడ కూర్చుంటారు?” అని అడుగుతున్నారు. ఆ గొంతు విని బహాదురీ గారు గదిలోంచి బయటికొచ్చారు.

ఇద్దరూ ఎదురెదురుగా. తెరిచిన తలుపులోంచి వెనక గోడ మీద మూడోవాడు.

“ఎవరు మీరు?” అన్నారు బహాదురీ గారు.

“రావర్ నుంచి వచ్చానండి. నూలుని రంగుల్లో ముంచుతాను.”

బహాదురీ గారు ఆయన్ని చూశారు, తిరిగి గోడని చూశారు. ఎర్రబడ్డారు. ఆ ముఖం తనది కాదంటే పుట్టినరోజున అందరి ముందు మురిసిపోయిన పరువు పోతుంది. తనదేనంటే ఎదురుగా ఉన్న మనిషి ఎవరో చెప్పాలి. కాసేపటికి, “మా అమ్మమ్మ వైపువాళ్ళు రావర్ ప్రాంతమేనని చిన్నప్పుడు విన్నాను” అన్నారు.

“రక్తం ఎక్కడికి పోతుందండి” అన్నాడు సర్‌మదీ.

బావగారిని లోపలికి తీసుకెళ్ళి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ నీలం చేతిని తన చేతిలోకి తీసుకున్నారు అక్కయ్యా. టీ తెప్పించారు. బావగారు టీ తాగి, గోడ వైపు చూసి, “ఎండ నేరుగా పడుతోంది. తెర వేయించండి, ఎరుపు వెలిసిపోతుంది” అన్నారు. అప్పటికప్పుడు తెర వేయించారు. మేము అడిగితే కిటికీకి అద్దం కూడా వేయించలేదు.

అప్పుడు నా నోటి నుంచి మాట దానంతటదే వచ్చింది. “ఆయన మా బావగారండి. మా అక్కయ్య భర్త. ఈ సంబంధం నేనే దగ్గరుండి కుదిర్చాను.” బహాదురీ గారు లేచి నన్ను కౌగలించుకున్నారు. “అయితే నువ్వు మావాడివే” అన్నారు. బావగారు నా వైపు చూశారు. మిఠాయి పొట్లం విప్పి నాకు ఒకటి ఇచ్చారు.

నాకు పెద్ద గుమాస్తా పదవి ఖాయం చేశారు. ఇంటి వాటా మాట మరిచిపో, అది ఎప్పటికీ నీదే, కాగితం కూడా రాసి పంపుతున్నాను. ఇంకో చిన్న కోరిక. పదవి వచ్చినవాడి ఇంట్లో ఒక తివాచీ ఉండడం బాగుంటుందని ఫరంగీస్ అంటోంది. నా బొమ్మతో. పక్కన బావగారు నిలబడి ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఫొటో జతచేశాను. గడ్డం నీ విచక్షణకి వదిలేస్తున్నాను.

మీ
నుస్రతుల్లా


రావర్
ఆజర్ నెల 22

నుస్రత్‌కి,

కాగితం అందింది. దాచాను. అందుకు నిజంగానే సంతోషం. నీ పదవికి చిన్నత్త దువా చేసింది.

యదుల్లా ఇంటికొచ్చి మీ కచేరీ గురించి ఒక్కటే చెప్పాడు, టీ చల్లగా ఉందని. మిగతాదంతా నీ ఉత్తరం చదివితేనే తెలిసింది. “ఆయన అంత గట్టిగా చెయ్యి పట్టుకున్నాడంటే పాపం ఎవరూ లేరేమో” అన్నాడు. వచ్చే ఏడు ఆయనకి కూడా దానిమ్మకాయలు పంపుతాడట. నేను వద్దనలేదు.

నువ్వు దగ్గరుండి కుదిర్చిన సంగతి చదివినప్పుడు చిన్నత్త మగ్గం పలక మీద నుంచి దిగాల్సి వచ్చింది, నవ్వితే మోకాళ్ళు కదులుతాయి. “వీడు పుట్టినప్పుడు నేను దగ్గరుండి చూశాను. అప్పుడే అనుమానం వచ్చింది” అంది.

నేను మాత్రం నవ్వలేదు. నికా రోజున అరుగు మీద నీకని ఒక పరుపు వేసి ఉంచాను. ముల్లాగారు “అమ్మాయి తరఫువాళ్ళు” అన్నప్పుడు అందరూ దాని వైపు చూశారు. యదుల్లా లేచి దాన్ని చుట్టి లోపల పెట్టాడు. ఆ చూపులు నాకు తగలకుండా. ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను.

నీ తివాచీ తప్పకుండా నేస్తాను. నీ ఫొటో తిరిగి పంపుతున్నాను, నాకు అక్కర్లేదు. ఫొటో చూసి నేను నేసినవాళ్ళ గతి ఏమైందో చూశావు కదా. ఇకమీదట ఎదురుగా వచ్చి కూర్చున్నవాళ్ళనే నేస్తానని ఒట్టు పెట్టుకున్నాను. లారీ ప్రతి గురువారం బయలుదేరుతుంది. పరుపు మళ్ళీ వేయిస్తాను. ఫరంగీస్‌ని కూడా తీసుకురా.

ఏ ముఖం పెట్టుకుని వస్తావో దారిలో నువ్వే తేల్చుకో. ఏది పెట్టుకుని వస్తే అదే నేస్తాను.

అక్క
తూబా